ఆరు నిమిషాల నడక: ఫోన్ కొలత మేలా, టేపు కొలత మేలా?

గుండె జబ్బు ఉన్నవాళ్ల సత్తువ చూడటానికి డాక్టర్లు పెట్టే సులువైన పరీక్ష ఆరు నిమిషాల నడక. ఆ టైములో ఎన్ని మీటర్లు నడిచారన్నదే లెక్క. రెండు పరీక్షల మధ్య సుమారు 30 మీటర్ల తేడా వస్తే దాన్ని నిజమైన మార్పుగా చూస్తారు. కాబట్టి ఇంటి దగ్గర ఈ పరీక్షకు వాడే ఫోన్ యాప్ 40, 50 మీటర్లు తప్పు చూపిస్తే ఆ కొలతకు అర్థమే లేదు.

జీపీఎస్ యాప్‌కు పైన ఆకాశం కనిపించాలి. బెంగళూరు లాల్‌బాగ్ తోటలో పెద్ద చెట్ల కింద నడిస్తే సిగ్నల్ చెదిరి, తిన్నగా నడిచిన దారి కూడా మ్యాపులో వంకర్లు పోతుంది, నడవని మీటర్లు కలుస్తాయి. అపార్ట్‌మెంట్ల మధ్యా ఇదే తంటా. చిన్న చోట అటూ ఇటూ తిరిగితే మలుపులు కోసేసి తక్కువ చూపిస్తుంది. ఖాళీ మైదానం చుట్టూ పెద్ద రౌండు కొడితే నమ్మొచ్చు.

అడుగుల యాప్ అడుగుల సంఖ్యను అడుగు పొడవుతో గుణిస్తుంది. ఆయాసంతో కాళ్లీడ్చే మనిషి అడుగు చిన్నదవుతుంది, కొన్ని అడుగులు లెక్కకే రావు. అంటే ఎవరికి కొలత ఎక్కువ అవసరమో వాళ్ల దగ్గరే ఇది ఎక్కువ తప్పుతుంది. రోజూ ఎంత తిరుగుతున్నారో చూసుకోవడానికైతే చాలు.

మా ఓటు టేపుకే. అపార్ట్‌మెంటు సెల్లార్‌లోనో కారిడార్‌లోనో 30 మీటర్లు కొలిచి, రెండు చివర్లా సుద్దగీత గీసి, పక్కన కుర్చీ వేయండి. ఫోన్‌లో ఆరు నిమిషాల టైమర్ పెట్టి ఇంకొకరి చేతికివ్వండి. ప్రతి గీత దగ్గరా వాళ్లు కాగితం మీద ఒక గీటు పెట్టాలి. 12 గీట్లు, పైన 18 మీటర్లు అయితే 378. మధ్యలో కూర్చోవచ్చు, టైమర్ మాత్రం ఆపకూడదు. 10 మీటర్ల టెర్రస్ మీద మలుపులు ఎక్కువై దూరం తగ్గుతుంది, దాన్ని ఆసుపత్రి కొలతతో పోల్చొద్దు. మొదటిసారి కంటే రెండోసారి అలవాటు వల్లే కాస్త ఎక్కువ వస్తుంది, అది చూసి మందు పనిచేసిందనుకోవద్దు.

గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మాత్రలు వేసుకునేవాళ్లకు నాడి అంతగా పెరగదు, వాచీలో నాడి అంకె చూసి ధైర్యపడకండి. గుండెపోటు వచ్చి నెల దాటకపోతే డాక్టర్‌ని అడగకుండా ఈ పరీక్ష వద్దు. ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం, భరించలేని ఆయాసం వస్తే వెంటనే ఆపి కూర్చోబెట్టండి. నొప్పి తగ్గకపోతే 108కి ఫోన్ చేయండి.