కోడా, సీరీసా, ప్లేటు తీరా: నంబర్ల సరదాలో ఏది మేలు?

వాహనాల నంబర్లను గమనించి రాసిపెట్టుకునే సరదాలోకి కొత్తగా దిగినవారు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే. రాష్ట్రాల, జిల్లాల కోడ్లు పోగుచేయాలా, సీరీసు, అంటే కోడు తరువాత వచ్చే అక్షరాల, నంబర్ల వరుస, ఎక్కడిదాకా వచ్చిందో వెంబడించాలా, లేక ప్లేట్ల రంగూ రూపూ చూసుకుంటూ పోవాలా? మూడింటినీ ఒకేసారి తలకెత్తుకున్నవారి పుస్తకాలు కొద్ది నెలలకే మూలన పడడం చూశాను కనుక, ఒకదానిని ప్రధానంగా పెట్టుకోమనే చెబుతాను. ఆ ఒకటి ఏదో తేల్చడానికి నేను చూసేది ఒక్క విషయమే: రాసిన సంగతులన్నీ ఒకచోట చేరిన తరువాత, ఏ ఒక్క ప్లేటు మీదా లేని విషయమేదైనా వాటిలోంచి బయటపడుతుందా లేదా?

కోడ్ల వేటకు విజయవాడను మించిన చోటు మన రాష్ట్రంలో దొరకదు. చెన్నై నుంచి కోల్‌కతా వెళ్లే 16వ నంబరు జాతీయ రహదారి, పుణె నుంచి హైదరాబాదు మీదుగా మచిలీపట్నం చేరే 65వ నంబరు రహదారి ఈ ఊళ్లోనే కలుస్తాయి. బెంజి సర్కిల్ దగ్గర నీడ చూసుకుని ఒక పూట నిలబడితే తమిళనాడు, కర్ణాటక, ఒడిశా, మహారాష్ట్ర బండ్లు వాటంతట అవే వస్తాయి. ఆటోనగర్‌లో బాడీ కట్టించుకోవడానికో, ఇంజను పని చేయించుకోవడానికో ఆగిన లారీలు కదలవు గనుక తీరిగ్గా రాసుకోవచ్చు. గుంటూరువారికైతే మిర్చి సీజనులో యార్డు చుట్టూ బారులు తీరే పొరుగు రాష్ట్రాల లారీలు ఉండనే ఉన్నాయి. అయితే నాగాలాండ్ కోడు ఎన్‌ఎల్ కనబడగానే ఆ బండి కోహిమా నుంచి వచ్చిందని మురిసిపోకూడదు. పన్నులు, పర్మిట్ల లెక్కలు చూసుకుని అక్కడ రిజిస్ట్రేషను చేయించిన లారీలూ ట్రావెల్స్ బస్సులూ దేశమంతటా తిరుగుతున్నాయి.

రాష్ట్రంలోపలి కోడ్ల సంగతి వేరు. ఉమ్మడి రాష్ట్రంలో జిల్లాల కోడ్లను ఇంచుమించు ఇంగ్లీషు అక్షరక్రమంలో కేటాయించారు. ఆదిలాబాదు 1, అనంతపురం 2, చిత్తూరు 3, మన గుంటూరు 7, కృష్ణా 16, చివరకు వరంగల్లు 36, పశ్చిమ గోదావరి 37. ఆ వరుస తెలిసినవారికి ఏపీ 16 బండిని చూస్తే కృష్ణా జిల్లా అని వెంటనే స్ఫురించేది. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 అనే ఒకే కోడు తెచ్చిన తరువాత ఆ ఆధారం పోయింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు 13 నుంచి 26 అయినప్పటికీ ఎన్టీఆర్ జిల్లాకు గానీ, పల్నాడుకు గానీ, బాపట్లకు గానీ విడిగా ఒక కోడు పుట్టలేదు. ఇప్పుడు ఏపీ 40 కూడా రోడ్ల మీద కనిపిస్తోంది గానీ అదీ ఏ ఊరి గుర్తూ కాదు. తెలంగాణలో ఇందుకు భిన్నంగా, 2016లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు వాటికి కొత్త కోడ్లూ వచ్చాయి. పైగా 2014 జూన్‌లో మొదలైన టీఎస్ 2024 మార్చిలో టీజీగా మారడంతో, టీఎస్ అనేది మొదలూ చివరా తెలిసిన ఒక మూసిన అధ్యాయమైంది. కోడ్ల మీదే మనసున్న బెజవాడవాసి ఖమ్మం, నల్లగొండ బండ్ల వైపు చూడక తప్పదు. నాకు ఇందులో కనిపించే లోటు ఏమిటంటే, జాబితా నిండేకొద్దీ కొత్తగా తెలిసేది తగ్గిపోతుంది. లద్దాఖ్ బండి ఒకటి దొరికితే ఆ రోజుకు ఆనందమే, కానీ అది అంతకుముందు రాసుకున్న ముప్ఫై కోడ్ల గురించి కొత్తగా ఏమీ చెప్పదు.

సీరీసును వెంబడించడంలో సరిగ్గా ఇదే తలకిందులవుతుంది. కోడు తరువాత వచ్చే అక్షరాలు ఒక క్రమంలో ముందుకు జరుగుతాయి, ఒక్కొక్క అక్షరాల జత కింద 1 నుంచి 9999 వరకు నంబర్లు ఉంటాయి, ఒకటి, సున్నాలతో పొరబడకుండా ఐ, ఓ అక్షరాలను వదిలేస్తారు. రవాణా వాహనాలకు టీ మొదలుకొని వై వరకు ఉన్న అక్షరాలు, పోలీసులకు పీ, ఆర్టీసీకి జెడ్ ప్రత్యేకంగా ఉన్నాయి. ఇంతవరకు అందరికీ తెలిసిందే. ఏపీ 39 వచ్చాక శ్రీకాకుళం స్కూటరూ చిత్తూరు కారూ ఒకే కోడు కింద చేరడంతో అక్షరాలు మునుపటికంటే ఎంతో వేగంగా మారుతున్నాయి. కోడ్ల వేటగాళ్లకు నష్టం చేసిన మార్పే సీరీసు చూసేవారికి కలిసి వచ్చింది. ఇదివరకు ఏపీ 7ను గుంటూరులో, ఏపీ 16ను విజయవాడలో వేరువేరుగా కనిపెట్టవలసి వచ్చేది. ఇప్పుడు బందరు రోడ్డు మీద నిలబడినా రాష్ట్రమంతటి వరుస ఎక్కడికి చేరిందో ఒక అంచనా దొరుకుతుంది.

ఇక్కడ రాయవలసింది తేదీ, చోటు, కోడుతో సహా అక్షరాలు, నంబరు, వాహనం రకం. ఒక్క నమోదు చెప్పేది చాలా కొద్ది: ఫలానా తేదీ నాటికి ఫలానా నంబరు ఇచ్చేశారు, అంతే. ఎప్పుడు ఇచ్చారో అది చెప్పదు. కానీ నమోదులు పెరిగేకొద్దీ ఒకదానికొకటి హద్దులు గీస్తాయి. ఒక అక్షరాల జతలో ఎనిమిది వేల పైచిలుకు నంబరును ఒక వారం చూసి, దాని తరువాతి జతలో రెండు వందల లోపు నంబరును మరుసటి వారం చూస్తే, సీరీసు మారిన సమయం దాదాపుగా చేతికి చిక్కినట్లే. ఆ తేదీ ఏ ప్లేటు మీదా ఉండదు. పుస్తకం పాతబడేకొద్దీ విలువ పెరగడానికి కారణం అదే. ఎదురుగా వచ్చిన కారు నంబరు చూసి ఇది దసరాకు ముందు కొన్న బండా, సంక్రాంతికి కొన్నదా అని చెప్పగలగడం ఒక పట్టాన వదిలే వ్యసనం కాదు.

రెండు జాగ్రత్తలు అవసరం. మొదటిది ఫ్యాన్సీ నంబర్లు. 9999 వంటివాటినీ, కూడితే తొమ్మిది వచ్చేవాటినీ ముందే ఎంచుకుని డబ్బు కట్టి తీసుకుంటారు గనుక అవి వరుస తప్పి వస్తాయి. మన జిల్లాల్లో తొమ్మిది మీద ఉన్న మక్కువ తెలిసిందే కాబట్టి, కాలం లెక్కకు 4273 లాంటి ఎవరూ కోరుకోని నంబర్లే నమ్మకమైన సాక్షులు. రెండోది టీఆర్ నంబరు. షోరూము నుంచి బయటికి వచ్చిన బండి కొన్నాళ్లు తాత్కాలిక రిజిస్ట్రేషనుతో, పసుపు మీద ఎర్ర అక్షరాలతో తిరుగుతుంది. నంబరు కేటాయించిన తరువాత కూడా ప్లేటు బిగించడానికి సమయం పడుతుంది కనుక, రోడ్డు మీద కనబడిన నంబరు అసలు వరుసకంటే ఎప్పుడూ కొంత వెనుకబడే ఉంటుంది. ఇచ్చిన తేదీ అనకుండా మొదట చూసిన తేదీ అని రాసుకునేవారి లెక్కలు ఎప్పటికీ చెడవు.

రవాణా వాహనాల వరుసకు వేరే పేజీ ఉండాలి. ఆర్టీసీ బస్సులను అసలు ఈ లెక్కలో కలపకపోవడమే మంచిది. పండిట్ నెహ్రూ బస్టాండులో నిలిచిన పాత బస్సు మీద ఏపీ 28 జెడ్, ఏపీ 29 జెడ్ అని ఉంటే అవి రంగారెడ్డి జిల్లా కోడ్లు. బస్సు తిరిగిన డిపోకూ వాటికీ సంబంధం లేదు.

ప్లేటు తీరును చూసేవారి మీద నాకు గౌరవమే గానీ, వారి కాలం చాలావరకు వెళ్లిపోయింది. తెలుపు మీద నలుపు సొంత బండికి, పసుపు మీద నలుపు కిరాయి బండికి, నలుపు మీద పసుపు మనమే నడుపుకునే అద్దె కారుకు, ఆకుపచ్చ మీద తెలుపు సొంత ఎలక్ట్రిక్ బండికి, ఆకుపచ్చ మీద పసుపు కిరాయి ఎలక్ట్రిక్ బండికి: విజయవాడలో కొద్ది రోజులు తిరిగితే ఈ రకాలన్నీ చూడడం అయిపోతుంది. 2019 ఏప్రిల్ 1 తరువాత తయారైన బండ్లన్నింటికీ హై సెక్యూరిటీ ప్లేటు తప్పనిసరి కావడంతో మిగిలిన వైవిధ్యమూ పోయింది. ఆ ప్లేటును దగ్గరగా చూస్తే మాత్రం కాస్త ముచ్చటగానే ఉంటుంది. ఎడమవైపు పైమూల నీలిరంగు అశోక చక్రం హోలోగ్రాం, దాని దిగువన ఐఎన్‌డీ అనే అక్షరాలు, కింది మూలన లేజరుతో చెక్కిన సన్నని సంఖ్య, నంబరు మీది నల్లటి పొరలో 45 డిగ్రీలు వాలుగా ఇండియా అన్న మాట. లేజరు సంఖ్య ఆ రేకుకు చెందినదే తప్ప బండి నంబరుతో దానికి పొత్తు లేదు. ఈ దారిలో నేను సమర్థించే పని ఒక్కటే: ఆర్టిస్టు చేత్తో రాసిన పాత ప్లేట్లను, 8055ను బాస్ అని చదివించే వంకర అక్షరాలతో సహా, యజమానిని అడిగి ఫొటో తీసి పెట్టుకోవడం. పాత లారీలు తుక్కుకు వెళ్లిపోతున్నాయి గనుక ఆలస్యం చేయవద్దు.

మిగిలిన పద్ధతులకు ఒక్కో మాట చాలు. ఒకటి నుంచి మొదలుపెట్టి వరుసగా నంబర్లు వెతికే ఆట పిల్లలతో ప్రయాణంలో బాగుంటుంది. రాష్ట్రం మారినా మళ్లీ రిజిస్ట్రేషను అక్కర్లేని బీహెచ్ (భారత్) సీరీసు 2021లో వచ్చింది. దాని మొదటి రెండంకెలే సంవత్సరాన్ని చెప్పేస్తాయి కాబట్టి శోధించడానికి పెద్దగా ఏమీ మిగలదు.

ఏ దారి ఎంచుకున్నా, పూర్తి నంబరునూ చూసిన చోటునూ కలిపి నలుగురిలో పంచుకోవద్దు. అది మరొకరి రాకపోకల సమాచారం అవుతుంది. సీరీసు లెక్కను ఇతరులతో పోల్చి చూసుకోవడానికి అక్షరాలూ, నంబరులోని మొదటి అంకే చాలు. పూర్తి నంబరు మన పుస్తకంలోనే ఉంటుంది.