పోరంకి ఇంటికి ఏ వైరింగ్ మేలు: కేఎన్ఎక్స్, లోక్సోన్, రిలే బోర్డులు?

విజయవాడ దగ్గర పోరంకిలో మా అక్కావాళ్ల ఇంటికి గోడలు లేచాయి. ప్లాస్టరింగ్‌కి ముందు గాడులు కొట్టాలి. "ఆటోమేషన్‌కి ఏది పెట్టించమంటావురా?" అని అక్క అడిగింది. ఆ మాట ఇప్పుడే అడిగినందుకు సంతోషించాను, గృహప్రవేశం అయ్యాక అడిగితే గోడలు పగలగొట్టాల్సి వచ్చేది.

ఇంట్లో లైట్లు, ఫ్యాన్లను ఒకే వ్యవస్థతో నడిపించడానికి మా ముందున్న దారులు మూడు: కేఎన్ఎక్స్, లోక్సోన్, ఆర్‌ఎస్-485 అనే కేబుల్ పద్ధతిలో ఆదేశాలు అందుకునే రిలే బోర్డులు (రిలే అంటే చిన్న సంకేతంతో పనిచేసే స్విచ్). ఏదైనా పైపుల పని దాదాపు ఒకటే. ప్రతి లైటు, ప్రతి ఫ్యాను వైరు తిన్నగా డీబీ (ఇంటి వైర్లన్నీ చేరే డిస్ట్రిబ్యూషన్ బోర్డు) దగ్గరికి రావాలి. స్విచ్ దగ్గరికి వెళ్లేది సన్నటి కేబులే. మామూలు వైరింగ్ కంటే వైరు ఎక్కువ పడుతుంది, డీబీ పెద్దదవుతుంది. ఆ డీబీని మెట్ల గదిలో, మొదటి అంతస్తు ఎత్తున పెట్టించమన్నాను. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌లో కింది అంతస్తులు మునగడం చూశాక ఇంటి మెదడంతా నేల పక్కన పెట్టబుద్ధి కాదు.

మూడింటిలో చవక రిలే బోర్డులు. రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద హోమ్ అసిస్టెంట్ అనే సాఫ్ట్‌వేర్ వేసుకుని, మోడ్‌బస్ అనే పద్ధతిలో ఆదేశాలు పంపి నడిపించుకోవచ్చు. చేయి తిరిగినవాడు ఇంట్లోనే ఉంటే ఇదే మేలంటాను. కానీ నేనుండేది హైదరాబాద్‌లో. రాత్రి పదింటికి హాల్లో లైటు వెలగకపోతే అక్క ఎవరిని పిలుస్తుంది?

లోక్సోన్ ఆస్ట్రియా కంపెనీది. ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్‌కి డబ్బు కట్టక్కర్లేదు, నేర్చుకోవడమూ తేలిక. అయితే అంతా మినీసర్వర్ అనే ఒక్క పెట్టె చేతిలో ఉంటుంది. అది ఆగితే ఇల్లంతా ఆగుతుంది, మళ్లీ కొనాలన్నా ఆ ఒక్క కంపెనీ దగ్గరే కొనాలి.

కేఎన్ఎక్స్‌కి ఆ తిప్పలు లేవు, అది ఒక్క కంపెనీది కాదు, చాలా కంపెనీలు పాటించే పద్ధతి. 1999లో యూరప్‌లోని మూడు పాత పద్ధతులను కలిపి దీనికి పునాది వేశారు, తర్వాత అంతర్జాతీయ ప్రమాణమైంది. ఏబీబీ కంపెనీ స్విచ్ పాడైతే ఆ చోట ష్నైడర్ కంపెనీది బిగించి, కేఎన్ఎక్స్‌కి వాడే ఈటీఎస్ సాఫ్ట్‌వేర్‌తో ప్రోగ్రామ్ చేసుకోవచ్చు. ప్రతి పరికరంలో దాని బుర్ర దానికే ఉంటుంది, ఒకటి చెడినా మిగతావి పనిచేస్తాయి. కేఎన్ఎక్స్ వాడే ఆకుపచ్చ కేబుల్ కోసి చూస్తే లోపల నాలుగు తీగలుంటాయి: ఎరుపు, నలుపు, పసుపు, తెలుపు. బస్‌కి, అంటే పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే లైనుకి, వాడేది ఎరుపు, నలుపే, మిగతా రెండూ అవసరానికి ఉంచుతారు. ఆ కేబుల్‌ని మాత్రం గుండ్రంగా తిప్పి మొదటి చోటికే కలపకూడదు.

ఇక్కడో సంగతి చెప్పాలి. గుంటూరులో మా బాబాయి ఇంట్లో ఇదే పెట్టారు. బిగించినాయన, ఏ బటన్ ఏం చేయాలో ఈటీఎస్‌లో రాసిపెట్టిన ప్రాజెక్టు ఫైలు ఇవ్వకుండా వెళ్లిపోయాడు. తర్వాత పూజగది బటన్ ఒక్కటి మార్చాలన్నా వచ్చినవాళ్లంతా "ఫైలు ఏదండీ?" అనే అడిగారు. పరికరాల్లోంచి ఆ ఫైలును ఉన్నదున్నట్టుగా వెనక్కి తీసుకోలేం. చివరికి ఇంటికంతటికీ మొదటినుంచి మళ్లీ ప్రోగ్రామ్ చేయించారు. పాపం, బాబాయి రెండుసార్లు డబ్బు కట్టాడు.

మన ఇళ్లకి అసలు చిక్కు సీలింగ్ ఫ్యాను. లైట్ల వెలుతురు తగ్గించే డిమ్మర్‌కి ఫ్యానును తగిలిస్తే మోటారు గుర్రుమంటుంది, వేడెక్కుతుంది. కెపాసిటర్లతో మెట్లుమెట్లుగా వేగం మార్చే ఫ్యాన్ మాడ్యూలే కావాలి. రిమోట్‌తో నడిచే కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యానులైతే దానికీ లొంగవు. వాటికి రిలేతో కరెంటు ఇచ్చి, వేగం రిమోట్‌కే వదిలేయాలి. ఏ పద్ధతి అమ్మేవాళ్లనైనా మొదట ఈ ప్రశ్న అడగండి.

ఇంకోటి, బస్ పవర్ సప్లైని ఇన్వర్టర్ లైను మీద పెట్టించాలి. లేకపోతే కరెంటు పోయినప్పుడు లైట్లకి ఇన్వర్టర్ ఉన్నా స్విచ్ నొక్కితే పలకదు. మే నెల రాత్రుల్లో విజయవాడలో అది భరించలేం.

అందుకే అక్కకి కేఎన్ఎక్స్ అన్నాను, అదీ లైట్లు, ఫ్యాన్లు, కర్టెన్ల వరకే. గీజర్‌కి, మోటారుకి మామూలు స్విచ్‌లే. ఖర్చు ఎక్కువని బావ కాస్త వెనకాడాడు. కింద హాలు, రెండు బెడ్‌రూములకి ఇప్పుడు పెట్టించి, పైన కేబుల్ మాత్రం లాగి ఉంచుదామంటే ఒప్పుకున్నాడు. బిగించేవాళ్లతో ఒప్పందంలో ఒక మాట రాయించాను: ఈటీఎస్ ఫైలు పెన్‌డ్రైవ్‌లో అక్క చేతికొచ్చాకే ఆఖరి వాయిదా.