పన్నెండేళ్ళు వాడాక బుల్లి కార్ల గురించి: లోహం నిలబడింది, రబ్బరే ముంచింది

పోయిన నెల అల్మారా తుడుద్దామని ఒక కారును పైకి తీయబోతే రాలేదు. ముదురు ఆకుపచ్చ రంగుది, 1:43 సైజు (అంటే అసలు కారులో నలభై మూడో వంతు), ఏడేళ్ళుగా ప్లాస్టిక్ దిమ్మె మీద కదలకుండా కూర్చున్న కారు. కాస్త గట్టిగా లాగితే టప్పుమని ఊడొచ్చింది. దిమ్మె మీద నాలుగు చోట్ల గోటితో నొక్కినట్టు గుంటలు. టైర్ల అడుగున జిగురు సాగినట్టు నల్లటి పోగులు. ఈ ఏడేళ్ళలో దాన్ని ఎవరూ ముట్టుకోలేదు, ఎండ తగల్లేదు, తడి తగల్లేదు. ఊరికే నిలబడి పాడైంది.

కొన్న మర్నాడు రాసే సమీక్షల్లో ఇలాంటివి రావు కాబట్టే ఇది రాస్తున్నాను. నాకు ఈ బొమ్మకార్లు పోగేసే పిచ్చి పట్టి పన్నెండేళ్ళు దాటింది. ఆరువందల పైచిలుకు కార్లున్నాయి, చాలావరకు 1:64. "ఇంకా బొమ్మకార్లేంటి" అని వెక్కిరించినవాళ్ళు కూడా ఇంటికొస్తే ముందు వాటి దగ్గరికే పోయి నిలబడతారు.

ముందు మంచి మాట. లోహం గురించి నాకు ఒక్క ఫిర్యాదు కూడా లేదు. ఈ కార్ల ఒళ్ళంతా జమాక్ అనే మిశ్రమం. జింకు ఎక్కువ, నూటికి నాలుగు పాళ్ళ అల్యూమినియం, చిటికెడు మెగ్నీషియం, రాగి. దాదాపు 385 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి ఒత్తిడితో ఉక్కు అచ్చులోకి కొడితే తలుపు గీత, బానెట్ గాడి, వైపర్ పుల్లతో సహా దిగిపోతుంది. పన్నెండేళ్ళలో నా చేతిలోంచి గచ్చు మీద పడ్డవాటికి లెక్కలేదు. రంగు పెచ్చులూడింది, అద్దాలు పగిలాయి, ఇరుసులు వంగాయి. ఒళ్ళు విరిగిన కారు ఒక్కటీ లేదు. అయితే పాత కార్లు సేకరించేవాళ్ళు ఇక్కడ జాగ్రత్తపడాలి. రెండో ప్రపంచయుద్ధానికి ముందు నాటి బొమ్మల్లో జింకులో సీసం కలిసిపోయినవి ఉంటాయి. అవి లోపల్నుంచి ఉబ్బి, సన్నటి పగుళ్ళిచ్చి, చివరికి పొడైపోతాయి. ఆ తెగులు తగిలితే మందు లేదు. 1930ల నాటి బొమ్మ కొనేటప్పుడు అడుగు తిప్పి, భూతద్దంతో చూడకుండా చేయి వేయొద్దు.

అడుగు తిప్పి చూడటం ఎలాగూ ఈ అభిరుచిలో సగం పని. కొత్తలో నేను పైన రంగు చూసి కొనేవాణ్ణి. ఇప్పుడు ముందు బేసే చూస్తాను. లోహమా ప్లాస్టిక్కా, రివెట్లు ఎన్ని, అక్షరాలు పదునుగా ఉన్నాయా అచ్చు అరిగిపోయి మొద్దుబారాయా. హాట్‌వీల్స్ అనే బ్రాండు కార్ల బేస్ మీద ఉండే సంవత్సరం చూసి చాలామంది పొరబడతారు. అది ఆ అచ్చు తయారైన ఏడాది, మీ చేతిలోని కారు పుట్టిన ఏడాది దాంతో కలవాలని లేదు. పుట్టినతేదీ కావాలంటే పక్కన ఎక్కడో చిన్నగా కొట్టిన ఒక అక్షరం, రెండంకెలు వెతకాలి. అక్షరం ఏడాదిని, అంకెలు వారాన్ని చెబుతాయి. నాకు మాత్రం వాటికి కళ్ళజోడు చాలదు, ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసుకోవాల్సిందే.

స్కేల్ గురించి ఒక మాట. 1:64 అంటే నాలుగున్నర మీటర్ల కారు ఏడు సెంటీమీటర్లకు దిగుతుంది. కార్ల వరకు ఈ లెక్క దాదాపు నిలుస్తుంది. అదే లెక్కన పన్నెండు మీటర్ల బస్సు జానెడు పొడవుండాలి. కానీ అదీ అదే పెట్టెలో, అదే సైజులో వస్తుంది. పక్కపక్కన పెడితే కారులోంచి దిగినవాడు బస్సులో పట్టడు. మొదట్లో ఇది నన్ను తెగ చిరాకు పెట్టేది, ఇప్పుడు బస్సుల్ని వేరే అరలో పెట్టుకుని సర్దుకుపోయాను.

అసలు పెట్టెకు సరిపోవాలన్నదే ఈ బొమ్మల పుట్టుక. లెస్నీ అనే బ్రిటిష్ బొమ్మల కంపెనీలో ఉన్న జాక్ ఓడెల్ కూతురి బడిలో అగ్గిపెట్టెలో పట్టే బొమ్మలే తేనిచ్చేవాళ్ళట. ఆయన చిన్న ఇత్తడి రోడ్డు రోలరు చేసి అగ్గిపెట్టెలో పెట్టి పంపాడు. 1953లో మ్యాచ్‌బాక్స్ అలా మొదలైంది. 1968లో అమెరికా బొమ్మల కంపెనీ మాటెల్ పదహారు కార్లతో హాట్‌వీల్స్ తెచ్చింది. సన్నటి ఉక్కుతీగ ఇరుసుల మీద అవి పరుగెత్తే తీరు చూసి, మరుసటి ఏడాదే మ్యాచ్‌బాక్స్ కూడా సూపర్‌ఫాస్ట్ పేరుతో చక్రాలు మార్చుకోవాల్సి వచ్చింది. ఆ తేడా నా అల్మారాలో ఇప్పటికీ కనిపిస్తుంది. వాలుపలక మీద వదిలితే హాట్‌వీల్స్‌దే పరుగు. నిజం కారులా ఉండాలంటే నా చేయి మ్యాచ్‌బాక్స్ వైపు పోతుంది. బొటనవేలితో నొక్కితే స్ప్రింగు మీద దిగి లేచే సుఖం మాత్రం టొమికా, మేజొరెట్ అనే బ్రాండ్లది. బల్ల మీద పని చేసుకుంటూ నేను ఎక్కువగా నొక్కేది ఒక మేజొరెట్ వ్యానునే. తలుపు తెరిచి మూయడం దాని మీద ఉచితం.

ఇక విప్పాలా వద్దా. మొదటి మూడేళ్ళు నేను ప్యాకెట్ విప్పలేదు. కారు వెనకుండే అట్ట, అంటే కార్డు, మూల మడత పడితే నిద్ర పట్టేది కాదు. ఆ సరుకంతా ఇప్పుడు ఎలా ఉందంటే, కారు మీద కప్పే పారదర్శక ప్లాస్టిక్ బుడగలు, అంటే బ్లిస్టర్లు, కొన్ని పసుపుబారాయి, కొన్ని చెమ్మకు అట్టనుంచి ఊడి వేలాడుతున్నాయి. కిటికీకి ఎదురుగా పెట్టిన వరసలో అట్టల మీది ఎర్ర ముద్రణ వెలిసి గులాబీలోకి దిగింది. విప్పిన కార్లేమో గీతలు పడ్డా కార్లలాగే ఉన్నాయి. రెండేళ్ళ క్రితం ఒక రాత్రి కూర్చుని నలభై ప్యాకెట్లు చింపేశాను. ఒకదానికి హెడ్‌లైటు ట్యాంపో (ఒంటి మీద ముద్రించిన బొమ్మ) అర మిల్లీమీటరు పక్కకు జరిగి, కారు మెల్లకన్నుతో చూస్తోంది. తొమ్మిదేళ్ళు దాన్ని భద్రంగా దాచిపెట్టుకున్నాను, ప్లాస్టిక్ వెనక ఆ సంగతే తెలియలేదు.

సిగ్గుపడే సంగతి కూడా చెప్పేస్తాను. 1995 నుంచి హాట్‌వీల్స్‌లో ట్రెజర్ హంట్ అని అరుదైనవి కలిపి పంపుతున్నారు. 2007 నుంచి వాటిలో మరీ అరుదైన సూపర్ రకం మొదలైంది, నిగనిగలాడే స్పెక్ట్రాఫ్లేమ్ రంగు, రబ్బరు టైర్లు. నాలుగేళ్ళు నేను వాటి వెంట పడ్డాను. కొక్కేనికి తగిలించిన కార్డులన్నీ వేళ్ళతో తిరగేసి, టైరు మెరుపు చూసి వదిలేసేవాణ్ణి. ఆ నాలుగేళ్ళలో దొరికినవి రెండు. ఒకదాని డిజైను నాకు అసలు నచ్చలేదు, అయినా తెచ్చాను. ఇంకోసారి తెలియనివాళ్ళ దగ్గర సూపర్ అని కొంటే, అట్ట విప్పి చక్రాలు మార్చి మళ్ళీ అతికించిన సరుకు. బ్లిస్టర్ అంచున జిగురు గీత కాస్త వంకరగా ఉంది, ముందే చూసుకోవాల్సింది. ఆ తర్వాత వేట మానేశాను. ఖర్చు సగానికి సగం తగ్గింది.

ఇక రబ్బరు సంగతి. ప్రీమియం రకం అంటే రబ్బరు టైర్లే కదా అని ఎగబడి కొన్నాను. చూపుకి అవే బాగుంటాయి, అందులో వాదన లేదు. కానీ మెత్తటి టైర్లను మెత్తగా ఉంచే నూనెలాంటి పదార్థం ఒకటుంటుంది. అది మెల్లగా బయటికి ఊరి, ఆనుకున్న ప్లాస్టిక్‌లోకి దిగి దాన్ని కరిగిస్తుంది. నా ఆకుపచ్చ కారుకు జరిగిందదే. మామూలు ప్లాస్టిక్ చక్రాల కార్లు అదే అరలో పన్నెండేళ్ళున్నా చెక్కుచెదరలేదు. మెత్తటి టైర్లున్నవాటిని దిమ్మె మీద నేరుగా ఆనించొద్దు. దిమ్మెకు బిగించే మరలు ఉంటే కారు కాస్త పైకి ఉండేలా వాషర్లు వేయండి, లేదంటే టైరు కింద చిన్న అల్యూమినియం రేకు ముక్క పెట్టండి. పెట్టెల్లో సిలికా జెల్ పొట్లాలు వేసి, ఏడాదికోసారి మార్చండి. ఎండ పడే గోడ వద్దు.

ఇదంతా తెలిశాక మళ్ళీ మొదలుపెట్టమంటే మొదలుపెడతాను, కానీ రెండువందల దగ్గర ఆపుతాను. ఆరువందలకు దుమ్ము తుడవడమంటే రెండు ఆదివారాలు పోతాయి.

ఆకుపచ్చ కారుకు టైర్లు మార్చాలి. ఆ కొలతవి ఇంకా దొరకలేదు. ప్రస్తుతానికి దాని పొట్ట కింద ఒక ఖాళీ అగ్గిపెట్టె పెట్టాను, నాలుగు చక్రాలూ గాల్లో ఉన్నాయి.