చెవిపొరకు చిల్లు: ఆపరేషనా, వినికిడి మిషనా?

ఏళ్ల తరబడి చీము కారి చెవిపొరకు చిల్లు పడ్డవాళ్లు శ్రీకాకుళంలో చూపించుకున్నా, విజయనగరంలో చూపించుకున్నా చివరికి ఈ రెండు దారుల దగ్గరే ఆగుతారు. చిల్లు చిన్నదైతే వినికిడి పెద్దగా తగ్గదు. పెద్దదైతే 40 డెసిబెల్స్ దాకా పోవచ్చు, అంటే పక్కవాళ్ల మామూలు మాట కూడా గొణుగుడులా వినిపిస్తుంది. చీము లోపలి బుల్లి ఎముకలను కూడా తినేస్తే నష్టం 50, 60కి చేరుతుంది.

ఆపరేషన్‌లో కణత కండరం మీది పల్చటి పొర తీసి చిల్లుకు అతికిస్తారు. ఎక్కువమందికి అతుకుతుంది, అందరికీ కాదు. నన్నడిగితే దీని అసలు లాభం వినికిడి కన్నా నీళ్ల భయం తగ్గడమే. నాగావళిలోనో ఊరి చెరువులోనో తల ముంచొద్దంటే పిల్లలు వింటారా? చిల్లులోంచి నీళ్లు పోతే మళ్లీ చీమే. అందాకా స్నానానికి వాజలీన్ రాసిన దూది పెట్టాలి. అమ్మమ్మల వెల్లుల్లి నూనె మాత్రం వద్దే వద్దు.

మిషన్‌కు కోత లేదు, పెట్టిన రోజే తేడా తెలుస్తుంది. కానీ చిల్లు అలాగే ఉంటుంది. పైగా కారే చెవిని మూసేస్తే గాలాడక చీము ఎక్కువవుతుంది. అలాంటివాళ్లకు చెవి వెనక ఎముక ద్వారా శబ్దం పంపే రకం నయం. వయసు మీద పడి మత్తు పడనివాళ్లకైతే నేను మిషన్ వైపే మొగ్గుతాను.

కంపు కొట్టే చీము, పొర పై అంచున చిల్లు ఉంటే మాత్రం ఈ పోలికే వర్తించదు. అది ఎముకను తినే కొలెస్టియటోమా (చెవి లోపల చర్మం పేరుకుని పెరిగే గడ్డ) కావచ్చు, దానికి సాధారణంగా ఆపరేషన్ తప్పదు.