అట్టపెట్టె పాటకు అట్ట వేయించాం: కృష్ణానగర్ డిజైన్ షాపు మీద నా రివ్యూ

ముందే చెప్తున్నా, షాపు పేరు రాయను. మెచ్చుకోవాల్సింది చాలా ఉంది కానీ తిట్టుకోవాల్సిందీ ఉంది, పేరు పెట్టి తిడితే రేపు మళ్లీ ఆ మెట్లెక్కలేను. హైదరాబాద్ కృష్ణానగర్‌లో ఎడిటింగ్ రూములుండే సందుల్లో రెండో అంతస్తు మీద చిన్న గది, ఇద్దరు మనుషులు, మూడు మానిటర్లు అనుకోండి చాలు. మా పాటకు కవర్, యూట్యూబ్ థంబ్‌నెయిల్, స్పాటిఫైలో పాట నడుస్తుంటే వెనక తిరిగే చిన్న వీడియో ముక్క, ఈ మూడూ కలిపి 7,500 రూపాయలకు మాట్లాడుకున్నాం. సగం అడ్వాన్స్.

పాట సంగతి తెలియకపోతే మిగతాది అర్థం కాదు. మాది జగిత్యాల దగ్గర పల్లె. మా దిక్కు గల్ఫ్ పోనివాళ్లు లేని వాడకట్టు ఉండదు. పాట పేరు ‘అట్టపెట్టె’. మస్కట్ నుంచి పెట్టె వచ్చింది, పంపిన మనిషి రాలేదు, అంతే కథ. పాడింది మా పెద్దమ్మ బిడ్డ, అక్క. షూటింగ్ రెండు రోజులు ఊళ్లో, ఒక రోజు హైదరాబాద్‌లో ఒక గదిలో మూడు ఇనుప మంచాలేసి లేబర్ క్యాంపు అనిపించాం. ఊరి సీన్లన్నీ పొద్దుగూకే ఎండలో పసుపు రంగు, క్యాంపు సీన్లన్నీ ట్యూబ్‌లైట్ కింద పాచి పట్టిన ఆకుపచ్చ. కలర్ గ్రేడింగ్ (వీడియో రంగులు సరిదిద్దడం) చేసిన తమ్ముడు ఆ రెండు రంగుల మీదే వారం రోజులు కూర్చున్నాడు.

ఇక నేను డిజైన్‌కు అడిగింది వినండి. అక్క ముఖం పెద్దగా, వెనక విమానం, కంట్లో నీటిచుక్క, ఆ చుక్కలో బావ, పైన బంగారు రంగు అక్షరాలు. ఇప్పుడు రాస్తుంటే నాకే సిగ్గేస్తోంది. కానీ యూట్యూబ్‌లో ఫోక్ పాటల పోస్టర్లు పది చూడండి, ఏడెనిమిది ఇట్లాగే ఉంటాయి, నేను కొత్తగా చేసిన పాపమేం కాదు.

మొదటి డ్రాఫ్ట్ అక్కడ పనిచేసే పిల్లాడు పంపాడు. ముందు థంబ్‌నెయిల్ అడ్డంగా చేసి, కవర్ కోసం దాన్నే చదరంగా కోసేశాడు. కోస్తే ఏమైందంటే అక్క భుజం సగం పోయి, వెనకున్న బర్రె మాత్రం నిండుగా వచ్చింది. అది ఒక ఎత్తు, టైటిల్ ఇంకో ఎత్తు: ‘అట్‌టపెట్‌టె’. నిజంగానే అట్లా పంపాడు. ఒత్తులు కింద కూర్చోకుండా పొల్లులు పడి పక్కన నిలబడ్డాయి. ఫ్యామిలీ గ్రూపులో పెడితే బావ ‘ఇదేం భాష రా’ అన్నాడు.

ఇది చాలామందికి ఎదురయ్యే సమస్యే కాబట్టి చెప్తున్నా. పాత ఫోటోషాప్ వెర్షన్లలో ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గరికెళ్లి ‘వరల్డ్ రెడీ లేఅవుట్’ అనేది పెట్టుకోకపోతే యూనికోడ్ తెలుగు, అంటే మనం ఫోన్లో టైప్ చేసే తెలుగు, ఇట్లాగే విరిగిపోవచ్చు. తప్పు ఫాంటుది కాదు. ఆ సంగతి తెలియక డీటీపీ వాళ్లు (కంప్యూటర్‌లో అచ్చుకు పేజీలు కూర్చేవాళ్లు) చాలామంది ‘అను’ అనే పాత తెలుగు ఫాంట్లు పట్టుకుని వేలాడుతుంటారు. అందులో ఒత్తులు సరిగ్గానే పడతాయి, కాకపోతే లోపల దాచుకునేది తెలుగు కాదు, వేరే గుర్తులు. ఆ ఫైల్లోంచి టైటిల్ కాపీ చేసి ఇంకోచోట పేస్ట్ చేస్తే చైనా వాడి చిట్టీలా వస్తుంది. పైగా ఆ అక్షరాలు చూడగానే పెళ్లిపత్రికో, ఎలక్షన్ ఫ్లెక్సీనో గుర్తొస్తుంది. అదేమీ నేరం కాదు, కానీ మా పాట పెళ్లిపత్రిక కాదు కదా.

నేను ఫోన్లో గట్టిగానే అరిచాను. మర్నాడు షాపు ఓనరన్న రమ్మన్నాడు. యాభై దాటిన మనిషి, తొంభైల్లో క్యాసెట్లకు లోపల పెట్టే కార్డులు వేసేవాడట. ముందుభాగం నాలుగించుల పొడుగు, రెండున్నర ఇంచుల వెడల్పు, అందులో దేవుడూ గాయకుడూ పాటల లిస్టూ అన్నీ పట్టించాలి. ‘చిన్న జాగలో పని నేర్చుకున్నోణ్ణి తమ్మీ, నీ ఫోన్ల కూడా జాగ గంతనే’ అన్నాడు. మాట నచ్చింది. వీడియో పెట్టమన్నాడు, సౌండ్ తీసేయమన్నాడు. నాకు కోపమొచ్చింది, పాట వినకుండా పాటకు బొమ్మేంటని. రెండోసారి కూడా సౌండ్ లేకుండానే చూశాడు. 2 నిమిషాల 41 సెకన్ల దగ్గర స్పేస్ బార్ కొట్టి ఆపాడు.

అక్కడ ఉన్నది పెట్టె. నాలుగు సెకన్ల షాట్. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో గల్ఫ్ ఫ్లైట్ దిగినప్పుడు బెల్టు మీద చూసే ఉంటారు, నైలాన్ తాడుతో నిలువూ అడ్డం బిగించి, మార్కర్‌తో పేరూ ఊరూ ఫోన్ నంబరూ రాసిన అట్టపెట్టెలు. మా షూటింగ్‌లో వాడింది అట్లాంటిదే, దాని మీద రాసింది మా బావే, ఎందుకంటే ఆయన నిజంగా మస్కట్‌లో ఉండొచ్చినవాడు. ‘గీ అక్షరాలెవరివి?’ అని అడిగాడు ఓనరన్న. చెప్పాను. ‘నీ టైటిల్ గాయనతోనే రాయించు. ఫాంటొద్దు, ఏమొద్దు.’

7,500లో అయిదు వేలు ఆ ఒక్క మాటకే ఇచ్చాననుకుంటాను.

బావ వేరే అట్టముక్కల మీద ఇరవై సార్లు రాశాడు. మార్కర్ సగం ఎండిపోయింది కాబట్టి అట్ట లోపలి ముడతలు తగిలిన చోటల్లా గీత తెగి, సన్నసన్న తెల్ల చారలు పడ్డాయి. పద్నాలుగోది ఎంచుకున్నారు. అందులో చివరి ట ఒత్తు తోక బావ చెయ్యి జారి కిందికి పోయి, తాడు పడే చోటు దాకా సాగింది. ఆ తోకను తాడు కిందికి దూరినట్టు చేశాడు అన్న. టైటిల్ పెట్టె మీద అతికించినట్టు కాక, ముందు పేరు రాసి తర్వాత తాడు బిగించినట్టు కనిపిస్తుంది. ఏ ఫాంటూ ఆ పని చేయలేదు.

వీడియోలోంచి ఫ్రేమ్ తీసి కవర్ చేయొచ్చుగా అని నేనూ అడిగాను. కుదరదు, లెక్క చూడండి. స్పాటిఫై లాంటి పాటల స్టోర్లు కవర్‌కు అడిగేది మామూలుగా 3000 × 3000 పిక్సెల్స్. ఫుల్ హెచ్‌డీ ఫ్రేమ్ ఎత్తు 1080. ఫోర్‌కేలో తీసినా 2160 దగ్గరే ఆగిపోతుంది. సాగదీయాలి, పైగా కదులుతున్న మనిషి ఫ్రేములో అలుకుడు ఉంటుంది, వీడియోలో అది కంటికి తెలియదు, ఆపి చూస్తే చెయ్యి పొగలా ఉంటుంది. షూటింగ్ రోజు స్టిల్స్ ఎందుకు తీయలేదని నన్ను బాగా తిట్టాడు, న్యాయమే. చివరికి పెట్టెను షాపుకు మోసుకుపోయి ఆయన ఫోన్‌తోనే తీశాం. 12 మెగాపిక్సెల్ ఫోటో అంటే సుమారు 4000 × 3000, చదరంగా కోసినా సరిగ్గా సరిపోతుంది. ఒక పక్క కిటికీలోంచి సాయంత్రం ఎండ, ఇంకో పక్క ట్యూబ్‌లైట్‌కు ఆకుపచ్చ జిలెటిన్ కాగితం చుట్టి పెట్టాడు. పెట్టెలో సగం మా ఊరు, సగం లేబర్ క్యాంపు. ఆ రెండు రంగులూ గ్రేడింగ్ అయిన వీడియోతో పక్కపక్కన పెట్టి, కలర్ పికర్‌తో చూసి మరీ కలిపాడు. మనిషి లేడు, విమానం లేదు, నీటిచుక్క లేదు. పాట చూసినవాడికి కవర్ చూడగానే 2:41 గుర్తొస్తుంది, చూడనివాడికి ‘ఎవరి పెట్టె ఇది’ అనిపిస్తుంది.

మధ్యలో ఆయనే ఒక ముచ్చట చెప్పాడు, ఇంటికొచ్చి చూస్తే నిజమే. అమెరికాలో 1940 దాకా రికార్డులు ఎక్కువగా బోసి అట్టల్లోనే అమ్మేవాళ్లట, కొలంబియా రికార్డ్స్‌లో చేరిన అలెక్స్ స్టీన్‌వైస్ అనే కుర్రాడు వాటి మీద బొమ్మ వేయడం మొదలుపెట్టాడట. ‘మనం మళ్లీ బోసి అట్టకే వచ్చినం’ అని నవ్వాడు.

థంబ్‌నెయిల్ మాత్రం వేరే చేశాడు. అందులో అక్క ఉంది, పెట్టెను చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని. కవర్ వేరు, ఇది వేరు ఎందుకంటే, థంబ్‌నెయిల్ పని పైకి జరుగుతున్న బొటనవేలును ఆపడం, అక్కడ ముఖం లేకపోతే కష్టం. కవర్ మాత్రం ప్లేలిస్టులో గోరంత సైజులో ఏళ్ల తరబడి ఉండాలి. టైటిల్‌ను ఎడమ పక్కన పెట్టాడు, కుడి కింద మూలలో యూట్యూబ్ నిడివి అంకెలు వేస్తుంది కదా, అక్కడ పెడితే మా ‘పెట్టె’ మీద 4:12 కూర్చునేది. రెండింట్లో అవే అక్షరాలు, అదే ఆకుపచ్చ. అక్కాచెల్లెళ్లలా ఉన్నాయి, కవలల్లా లేవు, నాకదే నచ్చింది.

ఇక తిట్లు. అయిదు రోజులన్నాడు, పదిహేడు రోజులు పట్టింది. బతుకమ్మ పాటల సీజన్, షాపు నిండా వాళ్లే, తెలుసు. తెలిసినప్పుడు అయిదు రోజులని ఎందుకు చెప్పాలి? ఫోన్ చేస్తే పిల్లాడు ‘అన్న బయటికెళ్లిండు’, అన్నకు చేస్తే ‘పిల్లాడు పంపుతుండు’. స్పాటిఫై ముక్క 3 నుంచి 8 సెకన్ల లోపు ఉండాలి, నిలువుగా ఉండాలి, మేం ఆరు సెకన్లది అడిగాం. తాడు కొస ఫ్యాన్ గాలికి ఊగుతూ ఉంటుంది, ఐడియా బాగుంది, కానీ చివరా మొదలూ కలిసే చోట తాడు చిన్న ఎక్కిలి ఎక్కినట్టు ఎగురుతుంది. రెండుసార్లు చెప్పాను, ‘ఎవరు చూస్తరు తమ్మీ’ అన్నాడు. నేను చూస్తాను. ప్రతిసారీ అదే చూస్తాను.

ఒక తప్పు మాత్రం నాదే. కవర్ కింద మా ఛానెల్ పేరు, యూట్యూబ్ గుర్తు, ‘ఫుల్ వీడియో చూడండి’ అని నేనే పట్టుబట్టి పెట్టించాను. వద్దని అన్న చెప్పాడు, వినలేదు. స్టోర్లకు పాట పంపే డిస్ట్రిబ్యూటర్ రెండో రోజే వెనక్కి కొట్టాడు. కవర్ మీద సోషల్ మీడియా గుర్తులు, లింకులు, ఫోన్ నంబర్లు ఉంటే తీసుకోరు. అప్పుడు చూసుకుంటే పెట్టె మీద బావ రాసిన ఫోన్ నంబరు కూడా ఉంది! ఆయన సొంత నంబరే. అది కూడా చెరిపారు, చెరిపిన చోట గీరుకుపోయిన మరకలా చేశాడు, అసలు నంబరు కంటే అదే బాగుంది.

ఇంకోటి, ఊళ్లో పాట రిలీజుకు ఫ్లెక్సీ కొట్టిద్దామని అదే కవర్ ఫైలు ఇస్తే ఆకుపచ్చ చచ్చిపోయి బురదలా వచ్చింది. ఆర్‌జీబీ (తెర వెలుగు రంగుల) ఫైలు ఫోన్‌కు, ప్రింటుకు సీఎంవైకే (సిరా రంగుల) ఫైలు. ప్రింటుకు వేరే ఫైలు ఇవ్వమని అడగాలని నాకు తెలియదు, ఇవ్వాలని వాళ్లకు తోచలేదు.

ఇదంతా ఏఐతో పది నిమిషాల్లో అయిపోతుంది కదా అని ఎవరో ఒకరు అడుగుతారు. చేసి చూశాను. పెట్టె బాగా వచ్చింది. దాని మీద రాత మాత్రం తెలుగులాగా, కన్నడంలాగా, రెండూ కానట్టుగా వచ్చింది.

అయిదుకు నాలుగు ఇస్తున్నా. పొయ్యేవాళ్లు వీడియో ఫైనల్ గ్రేడ్ అయ్యాకే పొండి, స్టిల్స్ పట్టుకుపొండి, ఓనరన్న ఉన్నాడో లేదో కనుక్కుని పొండి, డబ్బులో కొంత చేతిలో ఉంచుకోండి. నేను మొత్తం ఇచ్చేశాను. లేయర్లున్న పీఎస్‌డీ ఫైలు, అంటే మళ్లీ మార్చుకోగల అసలు ఫోటోషాప్ ఫైలు, ఇంకా రాలేదు. నిన్న ఫోన్ చేస్తే ‘రేపు పక్కా తమ్మీ’ అన్నాడు. మొన్న కూడా అదే అన్నాడు.