ఊరించాలా, చెప్పెయ్యాలా? మార్కెట్ రేట్ల యాప్‌కి ఏ నోటిఫికేషన్ మేలు

నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు రైతులకు మార్కెట్ రేట్లు చెప్పే ఒక చిన్న యాప్‌కి నోటిఫికేషన్లు రాసే పని నాది. బాదేపల్లి యార్డులో పల్లి, మక్కలు, నల్లగొండలో బత్తాయి, నకిరేకల్‌లో నిమ్మ, మిర్యాలగూడ మిల్లుల దగ్గర వడ్లు. సరుకు ఏదైనా ఆఫీసులో తగాదా మాత్రం ఒకటే. ఫోన్ మీద కనబడే ఆ రెండు లైన్లలో సంగతి మొత్తం చెప్పెయ్యాలా, కొంచెం చూపించి ఊరించాలా?

ఊరించే రకం ఇలా ఉంటుంది:

“ఈరోజు పల్లి రేటు చూశారా? వెంటనే యాప్ తెరవండి!”

చెప్పేసే రకం ఇలా:

“పల్లి 6,240, బాదేపల్లి. నిన్నటికన్నా 110 ఎక్కువ”

అంకెలు ఉదాహరణకు వేసినవే, ఇవాళ్టి రేటు అనుకోకండి.

మొదటి రకం రాస్తే యాప్ తెరిచేవాళ్లు పెరుగుతారు, అది నిజమే. రేటు తెలియాలంటే తెరవక తప్పదు కదా. నెలాఖరు రిపోర్టులో గీత పైకి పోతుంది, మీటింగులో అందరూ ఖుషీ. అవతల రైతు సంగతి వేరు. ట్రాక్టర్ ఇంజిన్ ఆపకుండానే జేబులోంచి ఫోన్ తీస్తాడు, అంకె కోసం చూస్తాడు, కనబడకపోతే తిట్టుకుంటూ మళ్లీ జేబులో పెడతాడు. ఓపిక చేసుకుని తెరిచాడే అనుకోండి, యాప్ అప్‌డేట్ అడుగుతుంది, సిగ్నల్ ఒక్క గీతే ఉంటుంది, తెర మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. కల్వకుర్తి వైపు నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేసి సూటిగా అడిగేశాడు: “రేటు చెప్పనీకె యాప్ పెట్టిన్రా, యాప్ తెరిపిచ్చనీకె రేటు పెట్టిన్రా సార్?”

ఊరింపు తొందరగా పాతబడుతుంది. నోటిఫికేషన్ మీద వేలు నొక్కి పట్టి ఆఫ్ చేసుకోవడం ఇప్పుడు అందరికీ వచ్చు. ఒకసారి ఆఫ్ చేసినవాళ్లు పనిగట్టుకుని సెట్టింగ్స్‌లోకి వెళ్లి మళ్లీ ఆన్ చేయడం అరుదు. ఆ తర్వాత ప్రాణం మీదికొచ్చే కబురు పంపినా చేరదు. అందుకే రేట్ల విషయంలో నా ఓటు చెప్పెయ్యడానికే. తెరిచేవాళ్లు తగ్గితే తగ్గనివ్వండి. ఆ లెక్క కంటే ఆపేసుకున్నవాళ్ల లెక్క ముఖ్యం. యూజర్ మొత్తం ఆపేశాడా, ఒక్క చానలే (ఒక్క రకం నోటిఫికేషన్లే) ఆపాడా అన్నది ఆండ్రాయిడ్‌లో యాప్ తెలుసుకుని సర్వర్‌కి చెప్పగలదు. వారానికోసారి ఆ అంకె చూస్తే మన రాత ఎలా ఉందో తెలిసిపోతుంది.

చెప్పెయ్యకూడని సందర్భాలు రెండున్నాయి. ఒకటి, విషయం రెండు లైన్లలో పట్టనప్పుడు. సన్న వడ్లకు క్వింటాలుకు 500 బోనస్ ఏ రకాలకు వస్తుందో నోటిఫికేషన్‌లో రాయలేం. అప్పుడు కూడా “ముఖ్యమైన సమాచారం, చూడండి” అనొద్దు, “సన్న వడ్ల బోనస్: ఏ రకాలకు వస్తుందో లిస్టు లోపల” అంటే సరి. లోపల ఏముందో తెలిసే తెరుస్తాడు.

రెండోది డబ్బు. “మీ ఖాతాలో 1,84,000 పడ్డాయి” అని లాక్ స్క్రీన్ మీద వెలిగిందనుకోండి. ఫోన్ హోటల్లో టేబుల్ మీద ఉంటుంది, పక్కన అప్పిచ్చినాయన చాయ్ తాగుతుంటాడు. ఇక్కడ దాచడమే మర్యాద. లాక్ స్క్రీన్ మీద ఒకటి, లాక్ తీశాక ఇంకొకటి కనబడేలా ఆండ్రాయిడ్‌లో సెట్ చేయొచ్చు. బయట “వడ్ల పేమెంటు గురించి ఒక సమాచారం”, లోపల మొత్తం. కాకపోతే ఇది యూజర్ తన లాక్ స్క్రీన్ సెట్టింగ్ ఎలా పెట్టుకున్నాడన్న దాని మీద కూడా ఆధారపడుతుంది కాబట్టి, డబ్బు అంకెను అసలు నోటిఫికేషన్‌లోనే పెట్టకపోవడం ఇంకా క్షేమం.

చెప్పెయ్యాలని ఒప్పుకున్నాక కూడా ఊరింపు దొడ్డిదారిన వస్తుంది. ఏ రేటు చెప్పాలి? 2016లో మొదలైన ఈ-నామ్ (కేంద్రం ఆన్‌లైన్ మార్కెట్) చూసినా, మార్కెట్ ధరలు చూపే ప్రభుత్వ సైటు ఆగ్‌మార్క్‌నెట్ చూసినా, కనిష్ఠం, గరిష్ఠం, మోడల్ అని మూడు ధరలుంటాయి. గరిష్ఠం వేస్తే మెసేజ్ మెరిసిపోతుంది. కానీ ఆ ధర దొరికింది ఎండి గలగలలాడే ఏ ఒకటి రెండు కుప్పలకో కావచ్చు. మోడల్ అంటే ఎక్కువ సరుకు అమ్ముడైన ధర. గరిష్ఠం చూసి కిరాయి ట్రాక్టర్ మాట్లాడుకుని యార్డుకొచ్చిన రైతుకి వెయ్యి తక్కువ పలికితే, తిట్లు వ్యాపారికి సగం, మనకు సగం. నేను మోడల్ ధరే పైలైన్‌లో పెడతాను, చోటుంటే కింద కనిష్ఠం, గరిష్ఠం రెండూ. గరిష్ఠం ఒక్కటే వేయడం కంటే రేటు పంపకపోవడమే నయం.

ఇక రాత దగ్గరికొద్దాం. మొదట మాలో కొందరు ఇలా రాసేవాళ్లు: “రైతు సోదరులకు నమస్కారం, జడ్చర్ల బాదేపల్లి వ్యవసాయ మార్కెట్ యార్డులో నేటి వేరుశనగ ధర...” ఫోన్ దీన్ని సరిగ్గా అంకె రాకముందే కోసేసి మూడు చుక్కలు పెడుతుంది. నమస్కారం మిగులుతుంది, రేటు పోతుంది. సరుకు, అంకె, ఊరు, ఈ వరుసలో రాస్తే కోత ఎక్కడ పడినా పనికొచ్చేది ముందే చేరిపోతుంది. పల్లి, మక్కలు, వడ్లు అని యార్డులో అనేదే రాస్తే అక్షరాలూ కలిసొస్తాయి. అంకెలు మాత్రం 1, 2, 3 రూపంలోనే.

కోతను ఫోన్‌కే వదిలెయ్యండి, సర్వర్ కోడ్‌తో కోయకండి. మిర్యాలగూడ అన్న మాట కంటికి 5 అక్షరాలు. కంప్యూటర్ లెక్కలో గుణింతపు గుర్తులు, పొల్లు విడివిడిగా 10. లెక్కపెట్టి కోసే కోడ్ మధ్యలో వేటు వేస్తే “మిర్” అని మిగిలి నవ్వులపాలవుతాం. నోటిఫికేషన్లు పంపే గూగుల్ సేవ ఫైర్‌బేస్ క్లౌడ్ మెసేజింగ్‌లో ఒక మెసేజ్ 4096 బైట్లు దాటకూడదు, టాపిక్‌కి (ఒక గుంపు మొత్తానికి) పంపేదైతే 2048. తెలుగులో ఒక్కో గుర్తుకు 3 బైట్లు పోయినా అది ఆరువందలకు పైగా గుర్తులు, నోటిఫికేషన్‌కి అంత ఎవరూ రాయరు. కాబట్టి “తెలుగు ఎక్కువ చోటు తింటుంది, ఇంగ్లిష్ అక్షరాల్లో రాద్దాం” అన్న వాదన ఇక్కడ నిలబడదు.

ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు రాస్తే కుర్రాళ్లకు అలవాటే, వాట్సాప్‌లో వాళ్లు రాసేది అదే. కానీ యాభై దాటినవాళ్లు దాన్ని కూడబలుక్కోవాలి. చదవడం రాక ఫోన్‌తో చదివించుకునేవాళ్లకు ఆ గొంతు ఇంగ్లిష్ యాసలో ఏదో పలుకుతుంది. తెలుగు లిపే మేలు. ఇక్కడ ఒక చిక్కుంది. మనవైపు చాలామంది తెలుగే చదువుతారు, ఫోన్ భాష మాత్రం ఇంగ్లిష్‌లోనే ఉంటుంది, కొన్నప్పుడు షాపువాడు పెట్టిచ్చినట్టే. ఫోన్ భాషను బట్టి మెసేజ్ ఎంచుకునే ఏర్పాటు ఫైర్‌బేస్‌లో ఉంది. దాన్ని నమ్ముకుంటే వీళ్లందరికీ ఇంగ్లిష్ మెసేజే పోతుంది. భాష ఏదో యాప్‌లోనే అడిగి రాసిపెట్టుకోవాలి. పాలమూరులో ఉర్దూ కావాలనే వ్యాపారులూ ఉంటారు, వాళ్లకూ అదే దారి.

ఒకే చానలా, నాలుగా? ఆండ్రాయిడ్ 8 నుంచి, అంటే 2017 నుంచి, నోటిఫికేషన్లను చానళ్లుగా విడగొట్టి పంపాలి. అన్నీ ఒకే చానల్‌లో పోస్తే యూజర్‌కి రెండే దార్లు: అన్నీ భరించడం, లేదా అన్నీ ఆపడం. మరీ పది చానళ్లు పెడితే ఎవరూ చదవరు. మాకు మూడు సరిపోయాయి: రోజువారీ రేట్లు, నా టోకెన్ (కొనుగోలు కేంద్రానికి ఎప్పుడు రావాలో చెప్పేది) - పేమెంటు, వాన హెచ్చరిక. రేట్లకు చప్పుడు లేదు. వాన హెచ్చరిక ఒక్కదానికే పైనుంచి దిగి కనబడే హోదా ఇచ్చాం. కల్లంలో వడ్లు ఆరబోసి ఉన్నప్పుడు అకాల వర్షం ఏం చేస్తుందో ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. అదీ వాతావరణ శాఖ మన జిల్లాకు ఆరెంజ్ లేదా రెడ్ ఇచ్చినప్పుడే. మన సొంత జోస్యాలు వద్దు.

చానల్ హోదా మొదటిసారే ఆలోచించి పెట్టాలి. ఒకసారి ఫోన్‌లో తయారయ్యాక దాని ప్రాధాన్యాన్ని యాప్ పెంచలేదు, ఆ హక్కు యూజర్‌దే. చానల్‌ని తీసేసి అదే ఐడీతో మళ్లీ పెడదామని కొందరు తెలివి చూపిస్తారు. పాత సెట్టింగులతోనే లేచి కూర్చుంటుంది.

పాత రేటు కొత్త రేటులా చేరడం అన్నిటికన్నా పెద్ద ప్రమాదం. ఫోన్ స్విచాఫ్‌లో ఉంటే ఫైర్‌బేస్ మెసేజ్‌ని దాచిపెట్టి, ఆన్ అయ్యాక ఇస్తుంది. మనం గడువు చెప్పకపోతే 4 వారాల దాకా దాస్తుంది. అంటే సోమవారం పల్లి రేటు గురువారం పొద్దున టింగుమని రావచ్చు. దాన్ని నమ్మి సరుకు ఎత్తితే పాపం ఎవరిది? రేట్ల మెసేజ్‌కి టీటీఎల్ (దాచే గడువు) కొన్ని గంటలే పెట్టండి. టోకెన్ కబురుకి ఆ టోకెన్ తేదీ దాకా ఉంచొచ్చు. దాంతోపాటు ఒక్కో మార్కెట్‌కి ఒక్కో కొలాప్స్ కీ (పాతదాని బదులు కొత్తది ఉంచమని చెప్పే గుర్తు) ఇస్తే, చేరకుండా ఆగినవాటిలో ఆఖరిదే మిగులుతుంది. అప్పటికే తెర మీదున్న పాత రేటును తీసేసి కొత్తది రావాలంటే ట్యాగ్ కూడా ఇవ్వాలి. అయితే ఫోన్‌కి ఒకేసారి 4 కొలాప్స్ కీలే నిలుస్తాయి. ఒకాయన ఆరు మార్కెట్లు ఎంచుకుంటే ఏవి మిగులుతాయో చెప్పలేం. అలాంటివాళ్లకు అన్ని రేట్లూ కలిపి ఒకే మెసేజ్ పంపడం మేలు. ఇన్ని చేసినా మెసేజ్‌లో తేదీ రాయడం మరవద్దు.

టాపిక్‌కి పంపాలా, ఒక్కొక్కరి ఫోన్‌కి విడిగా పంపాలా అన్నదానికి జవాబు తేలిక. బాదేపల్లి రేటు అందరిదీ, కాబట్టి టాపిక్. పేమెంటు, కొనుగోలు కేంద్రం సంగతి ఒక్కడిదే, కాబట్టి అతని ఫోన్‌కే. టాపిక్ మెసేజ్ ఎక్కువమందికి పోయేలా కట్టింది, అందరికీ క్షణాల్లో చేరాలని కట్టింది కాదు. వాన హెచ్చరికకు అది గుర్తుంచుకోవాలి.

పొద్దున పంపాలా, సాయంత్రమా? పొద్దున 8కి పంపితే ఫోన్ చూస్తారని అంటారు. ఆ సమయానికి అమ్మదలచుకున్న రైతు యార్డు గేటు దగ్గరే ఉంటాడు, ఇక తెలిసి ఏం లాభం. బస్తాలు ఎత్తాలా వద్దా అన్న మాట ముందురోజు సాయంత్రం ఇంట్లో తేలుతుంది. ఆ రోజు రేటు సాయంత్రం 6కి చేరితేనే పనికొస్తుంది. బత్తాయి తోట రైతుకి వేరే లెక్క, కోత కూలీలను ముందే మాట్లాడుకోవాలి కాబట్టి వారం ధోరణి చెబితే నయం.

పర్మిషన్ విషయం. 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుంచి, యూజర్ ఒప్పుకుంటేనే నోటిఫికేషన్. యాప్ తెరవగానే అడిగితే ఎందుకో తెలియక వద్దంటారు. రెండుసార్లు వద్దంటే ఆండ్రాయిడ్ మళ్లీ అడగనివ్వదు, ఐఫోన్‌లో ఒక్కసారే అవకాశం. మార్కెట్, పంట ఎంచుకున్నాక “దీని రేటు రోజూ సాయంత్రం పంపాలా?” అని మన మాటల్లో అడిగి, సరేనంటేనే ఫోన్ తరఫున పర్మిషన్ అడిగే పెట్టె చూపించాలి.

ఇంత చేసినా నోటిఫికేషన్ చేరుతుందన్న గ్యారంటీ లేదు. కొన్ని ఫోన్లలో బ్యాటరీ సేవర్ యాప్‌ని పడుకోబెడుతుంది. సెట్టింగ్స్‌లో ఫోర్స్ స్టాప్ కొడితే మళ్లీ యాప్ తెరిచేదాకా ఏదీ రాదు. బటన్ ఫోన్ ఉన్న రైతుకి అసలు యాపే ఉండదు. కాబట్టి తప్పిపోతే నష్టం వచ్చే కబురుకి ఎస్ఎంఎస్ ఉండాల్సిందే. దాని బాధలు దానికున్నాయి. ప్రతి మెసేజ్ నమూనానూ డీఎల్‌టీలో (కంపెనీల ఎస్ఎంఎస్‌లు నమోదు చేసే టెలికాం వేదికలో) ముందే రిజిస్టర్ చేయించాలి, మాట మార్చాలంటే మళ్లీ ఆమోదం కావాలి. ప్రతి మెసేజ్‌కీ డబ్బు. ఇంగ్లిష్‌లో 160 అక్షరాలు పట్టే మెసేజ్‌లో తెలుగుకి 70 గుర్తులే పడతాయి, దాటితే రెండో మెసేజ్ కింద లెక్క. వాట్సాప్‌లోనూ నమూనాకు ముందే ఆమోదం కావాలి, పైగా అడ్తి వాళ్ల గ్రూపుల్లో రేట్లు ఎలాగూ తిరుగుతుంటాయి.

మేం రేట్లు పుష్‌లోనే, అంటే యాప్ నోటిఫికేషన్‌గానే పంపుతాం, కొనుగోలు కేంద్రం టోకెన్‌కి మాత్రం పుష్, ఎస్ఎంఎస్ రెండూ. ఆ ఎస్ఎంఎస్ ఇది: “టోకెన్ 214. రేపు ఉ. 9కి రండి. తేమ 17% లోపు.” చివర మా యాప్ పేరు చేర్చినా 70 దాటదు.