వేర్‌హౌస్ సూపర్‌వైజర్ ప్రమోషన్: కొన్నేళ్లు చేశాక నా రివ్యూ

పికింగ్‌లో (ఆర్డర్ ప్రకారం అరల నుంచి సరుకు తీయడం), ప్యాకింగ్‌లో చాలాకాలం చేసి అదే వేర్‌హౌస్‌లో సూపర్‌వైజర్‌నయ్యాను. ఇప్పటికీ అదే పోస్టు. రేటింగ్ అడిగితే ఐదుకు మూడున్నర ఇస్తాను. ఆ పోయిన ఒకటిన్నరకు కారణం పని కష్టం కాదు, బాధ్యత మొత్తం ఇచ్చి అధికారం సగమే ఇవ్వడం.

ముందు డబ్బు సంగతి. జీతం పెరుగుతుందనేది నిజమే, కానీ చాలాచోట్ల సూపర్‌వైజర్‌కు ఓటీ (ఓవర్‌టైమ్) ఉండదు. వారానికి 48 గంటల డ్యూటీ, పైన 10 గంటల ఓటీ, అదీ డబుల్ రేటుకు చేస్తున్నారనుకోండి. మీ చేతికి 68 గంటల డబ్బు వస్తున్నట్టు. ప్రమోషన్‌తో జీతం 20 శాతం పెంచినా వచ్చేది 57.6 గంటల డబ్బే. పాత ఆదాయం దక్కాలంటేనే దాదాపు 42 శాతం పెంచాలి. పోనీ గంటలన్నా తగ్గుతాయా అంటే అదీ లేదు. షిఫ్ట్ అయ్యాక హ్యాండోవర్ ఇవ్వాలి, మిగిలిన ఆర్డర్ల లెక్క చెప్పాలి, ఎవరికైనా దెబ్బ తగిలితే రిపోర్ట్ రాయాలి. ఓటీ తక్కువగా దొరికే చోటైతే మాత్రం ఈ లెక్క మీకే లాభం.

అసలు చూసుకోవాల్సింది అధికారం. ముగ్గురు చెప్పకుండా మానేసిన రోజు పక్క సెక్షన్ నుంచి మనుషుల్ని తెచ్చుకోగలరా? తడిసిన పాలెట్లతో (సరుకు పేర్చే పలకలు) లారీ వస్తే దింపుకోనని చెప్పగలరా? ఫోర్క్‌లిఫ్ట్ బ్రేకు సరిగా పడటం లేదని తెలిశాక బండిని పక్కన పెట్టించే మాట మీదేనా? మొదట్లో నాకు వీటిలో ఏ ఒక్కటీ లేదు. ప్రతిదానికీ మేనేజర్‌కు ఫోన్ చేయాలి. రాత్రి షిఫ్ట్‌లో ఆయన ఎత్తడు. డిస్పాచ్ లేటైతే మాత్రం పొద్దున మెయిల్‌లో నా పేరే. బండి ఆపే అధికారం రాతపూర్వకంగా ఇచ్చాకే నాకు సగం టెన్షన్ తగ్గింది. నోటిమాటగా ఇచ్చింది ఏదైనా తప్పు జరిగిన రోజు ఎవరికీ గుర్తుండదు.

పాత స్నేహితుల విషయం ఊహించినదే. రోస్టర్ (ఎవరికి ఏ షిఫ్ట్ అనే షీటు) వేయడం మొదలుపెట్టగానే బ్రేక్ రూమ్‌లో నన్ను చూసి మాటలు ఆగిపోయేవి. నైట్లు, వీకాఫ్‌లు వరుసగా తిప్పుతూ ఆ షీటు అందరికీ కనబడేలా గోడకు అంటించాక చాలావరకు సర్దుకుంది. ఒకరిద్దరితో ఇప్పటికీ సర్దుకోలేదు.

నచ్చినదీ చెప్పాలి కదా. స్టాక్ తేడా వెతకడమంటే నాకు భలే ఇష్టం. సైకిల్ కౌంట్‌లో (స్టాక్‌ను విడతలవారీగా లెక్కపెట్టడం) షార్టేజ్ రాగానే అందరూ దొంగతనమే అంటారు. తీరా చూస్తే కార్టన్‌ను ఒక పీస్‌గా స్కాన్ చేసి ఉంటారు, లేదా సరుకు పక్క బిన్‌లో (అరలో) ఉంటుంది, లేదా రిటర్న్ వచ్చిన మాల్ ఎంట్రీ కాకుండా మూల పడి ఉంటుంది. సరుకు ఎక్కడ ఎందుకు ఆగుతుందో పికర్‌గా ఉన్నప్పుడు నాకు కనబడేది కాదు. ఇంకో కంపెనీకి వెళ్లాలన్నా, ప్లానింగ్ వైపు మారాలన్నా ఈ అనుభవమే పనికొస్తుంది. కాళ్ల నొప్పులు కూడా తగ్గాయి, అదేం చిన్న విషయం కాదు.

"ముందు పని చూడు, జీతం తర్వాత పెంచుతాం" అంటే ఏ తేదీ నుంచి అని అడిగి కాగితం మీద రాయించుకోండి. నచ్చకపోతే పాత పోస్టుకు పాత రేటుతో తిరిగి రావచ్చా అని కూడా అప్పుడే అడగండి. మా దగ్గర ముందే అడిగి ఒప్పించుకున్న ఒకతను మళ్లీ ఫోర్క్‌లిఫ్ట్ ఎక్కాడు, ఓటీతో కలిపి ఇప్పుడు నాకంటే ఎక్కువే తీసుకుంటున్నాడు.